నడిచే రోజు ఖాళీ చేతులు

తల్లిని చంపింది కూతురే. ఈ విషయంలో లక్ష్మన్నకు అనుమానం లేదు. భార్య నాగరత్నమ్మ పోయి ఏడాది కావస్తున్నా ఒక్కపూట కూడా అనుమానం రాలేదు. కత్తితో పొడవలేదు, అన్నంలో మందు కలపలేదు. కడపలో నేర్చుకొచ్చిన చదువుతో చంపింది. అంతే.

బేతంచెర్లలో బండలు కోసే ఫ్యాక్టరీల వెనక వీధిలో లక్ష్మన్న ఇల్లు. పుట్టిన పల్లెలో ఐదో తరగతి దాకా చదివాడు. ఆ తరువాత నాపరాతి గనిలోకి దిగి, జుట్టు నెరిసేదాకా బండలు ఎత్తాడు, దించాడు, పేర్చాడు. ఎడమకాలి రెండు వేళ్ళు ఆ గనిలోనే పోయాయి. మాట తక్కువ మనిషి. ఎవరైనా ఒక్కసారి తప్పు చేస్తే చాలు, ఆ మనిషి ఇక లక్ష్మన్నకు లేనట్టే. తిట్టడు, కొట్టడు. ఎదురుపడితే గోడను చూసినట్టు చూసి పోతాడు.

అలా లేకుండా పోయినవాళ్ళలో మొదటివాడు రబ్బానీ. ఒకప్పుడు గనిలో మేస్త్రీ. లక్ష్మన్న కాలిమీద బండ జారినప్పుడు, తప్పు ఎవరిదని ఓనరు అడిగితే, లక్ష్మన్నదేనని చెప్పాడు. అంతకు ముందురోజు దాకా ఇద్దరూ ఒకే టిఫిన్ క్యారియర్ విప్పుకొని తిన్నవాళ్ళు. ఆ మాటతో స్నేహం తెగింది. రబ్బానీ ఇంటి గడప తొక్కినవాళ్ళు మళ్ళీ తన గడప తొక్కకూడదని లక్ష్మన్న ఇంట్లో చెప్పాడు. పక్క సందే. అయినా పదేళ్ళు ఆ ఇంటికీ ఈ ఇంటికీ మధ్య ఒక మాట నడవలేదు.

చివరగా ఆ వరసలో చేరింది పద్మప్రియ. ఒక్కతే కూతురు.

చిన్నప్పుడు ఆ పిల్ల నడవడం లక్ష్మన్న చూడలేదు, ఎప్పుడూ పరుగే. బడి పందేలలో గెలిచిన స్టీలు గ్లాసులు వంటింటి అటక మీద వరసగా ఉండేవి. ఆడపిల్లకు పరుగేమిటని తండ్రి అన్నాడు. తల్లి మాత్రం తన మెడలోని గొలుసు కుదువ పెట్టి పిల్లను కడపకు పంపింది. అక్కడ వ్యాయామ ఉపాధ్యాయురాలి శిక్షణ పూర్తిచేసి, ఆ ఊళ్ళోనే ఒక బడిలో పనికి కుదిరింది పద్మప్రియ. ఆమె మేనత్త ఓబులమ్మ, అంటే లక్ష్మన్న అక్క, ఆ ఉద్యోగాన్ని డ్రిల్లు పంతులమ్మ అని ఊరంతా చెప్పుకొచ్చింది.

నాగరత్నమ్మకు షుగరు బయటపడింది రెండువేల ఏడులో. రక్తపోటు కూడా ఉందన్నారు. మందులిచ్చిన డాక్టరు ఒళ్ళు తగ్గించమన్నాడు. కొత్తగా పనిలో చేరి దసరా సెలవులకు వచ్చిన పద్మప్రియ తల్లిని మంచం మీద కూర్చోబెట్టి, చేతులు ఊపకుండా లేచి నిలబడమంది. నాగరత్నమ్మ లేవలేకపోయింది. సిగ్గుపడి నవ్వింది.

"నవ్వుతాండావామ్మా? నీ ఒంట్లో కండ లేదు. దానికే షుగరు ఆడుకుంటాండాది."

"అయితే నీ సదువేదో నామీదనే పెట్టు పాపా. బడి పిల్లోల్లకంటే ముందు నేను నేర్సుకుంటా."

అట్లా మొదలయింది. వారంలో మూడు రోజులు నడక. మంగళవారం, శుక్రవారం బరువులు. మిగతా రెండు రోజులు ఊరికే ఉండాలి. బరువులంటే ఏవో ఇనుప గుండ్లు కావు. పాలిష్ ఫ్యాక్టరీ దగ్గర గుట్టలుగా పడివుండే రాతిపొడిని రెండు ప్లాస్టిక్ సీసాలలో నింపి మూత బిగించింది పద్మప్రియ. వాటిని భుజాల దాకా ఎత్తి దించాలి. మంచం మీద కూర్చొని లేవాలి. గోడకు రెండు చేతులూ ఆనించి, ముందుకు వంగి, వెనక్కి రావాలి.

ఓబులమ్మ ఒకరోజు వచ్చి ఆ గోడ దగ్గరి పని చూసింది.

"ఏమ్మే రత్నమ్మా, గోడ పడిపోతాదని పట్టుకున్నావా?"

"మీ తమ్ముడు కట్టిన గోడ గదా వదినా. నమ్మకం లేదు."

లక్ష్మన్న వసారాలో కూర్చొని విన్నాడు. నవ్వు రాలేదు. తాను ఇన్నేళ్ళు బండలు ఎత్తాడని, తనకెవరూ బడి పెట్టలేదని అన్నాడు. పద్మప్రియ ఊరుకోలేదు.

"అందుకే నీకు భుజాలుండాయి నాయినా, మిద్దె మెట్లెక్కితే ఆయాసం వస్తాది. బరువు కండకు. నడక గుండెకు. మడకకు ఒకపక్కనే ఎద్దును కడతావా నువ్వు?"

అప్పుడామె తల్లివైపు తిరిగి చెప్పిన మాట లక్ష్మన్న చెవిలో అట్లాగే ఉండిపోయింది.

"ఒక్కటి మాత్రం మర్చిపోవద్దమ్మా. నడిచే రోజు చేతులు ఖాళీగా ఉండాల. ఎత్తే రోజు నడక వద్దు. రెండూ ఒకే దినం నెత్తికెత్తుకున్నావంటే గుండెకు తీరుబడి ఉండదు. నువ్వే నా మొదటి స్టూడెంటువి. నువ్వు ఫెయిలైతే నేను ఫెయిలైనట్టే."

ఈ మాట నాగరత్నమ్మకు తమాషాగా వినిపించలేదు. కూతురి పరీక్ష తన చేతిలో ఉందనుకుంది. ఒక మంగళవారం సాయంత్రం పనినుంచి వచ్చిన లక్ష్మన్న తలుపు చాటున ఆగిపోయాడు. లోపల భార్య కొంగు నడుముకు బిగించి, రెండు సీసాలూ పట్టుకొని, బడిపిల్లలా పైకి లెక్కపెడుతూ ఎత్తుతోంది. ఇరవై దాటాక అంకె తప్పింది. నాలిక కరుచుకొని మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టింది. చెమటకు నుదుటి కుంకుమ కారింది. లక్ష్మన్న అలికిడి చేయకుండా వెనక్కి పోయి, వాకిట్లోని బోరింగు దగ్గర కాళ్ళు కడుక్కుంటూ చాలాసేపు గడిపాడు. ఆమె పూర్తిచేశాకే ఇంట్లోకి వచ్చాడు. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు. చెప్పి ఉంటే ఎంత సంతోషపడేదో ఇప్పుడు తెలుసు.

చలికాలం దాటేసరికి నాగరత్నమ్మ ముఖం తేటపడింది. చేతులు ఊపకుండా మంచం మీదినుంచి లేస్తోంది. షుగరు తగ్గిందన్నారు. ఎండాకాలం మొదలయ్యాక మాత్రం ఆమె మళ్ళీ అలసిపోతున్నట్టు కనిపించింది. అడిగితే ఎండ అనింది. లక్ష్మన్న తెల్లవారకముందే గని లారీ ఎక్కేవాడు. పగలు ఇంట్లో ఏం జరిగేదో అతనికి తెలియదు.

మే నెలలో ఒక శుక్రవారం గనిలో కరెంటు పోయి, మధ్యాహ్నానికే ఇంటికొచ్చాడు. వసారాలో నాగరత్నమ్మ పక్కకు ఒరిగి ఉంది. ఒక సీసా ఆమె చేతికింద ఉంది. రెండోది దొర్లిపోయి, మూత ఊడి, నున్నటి బండల మీద రాతిపొడి తెల్లగా పరుచుకుంది. ఒళ్ళు చల్లబడింది.

ఆసుపత్రిలో గుండెపోటు అన్నారు. ఈ మధ్య బరువు పనులేమైనా చేసేదా అని డాక్టరు అడిగాడు. లక్ష్మన్నకు ఆ ఒక్క ప్రశ్న చాలింది.

సాయంత్రానికి పద్మప్రియ నంద్యాల మీదుగా వచ్చే బస్సులో దిగింది. వీధిలో జనం పక్కకు జరిగి దారిచ్చారు. లక్ష్మన్న గడపలో నిలబడ్డాడు.

"నీ సదువు మీ యమ్మ మీద జూసినావు. పాసైనావు. ఇంగ ఈ గడప తొక్కొద్దు."

ఆ పిల్ల తల్లిని వీధిలోకి తెచ్చాకే చూసింది. దినాలన్నీ ఓబులమ్మ ఇంట్లో ఉండి, కడపకు వెళ్ళిపోయింది.

ఆ తరువాత ఆమె ఫోను చేస్తే, గొంతు వినగానే లక్ష్మన్న పెట్టేసేవాడు. ఒకసారి వచ్చి బోరింగు దగ్గర నిలబడితే తలుపు వేసుకున్నాడు. ఆ ఏడు వానల్లో రబ్బానీ కూడా చచ్చిపోయాడు. జనాజా ఈ వీధిలోనుంచే పోయింది. అప్పుడూ తలుపు వేసుకున్నాడు. సీసాలు రెండూ ఊరి బయట గుంతలో పారేశాడు. వండుకోవడం నేర్చుకున్నాడు. ఉప్పు ఎక్కువైనా తక్కువైనా తినేవాడు. పళ్ళెం ఎదురుగా పెట్టుకొని, నాగరత్నమ్మ కూర్చునే చోటుకు వీపు తిప్పి తినేవాడు.

సంవత్సరీకం దగ్గరపడింది. ఓబులమ్మ ముందురోజే వచ్చి మాట కదిపింది.

"పాపను రానీ. కన్నతల్లికి ఇంత పెట్టుకుంటాది. ఆపేదానికి నువ్వెవరప్పా?"

"నా ఇల్లు."

"నీ ఇల్లేలే. గోడలతో కాపురం చెయ్యి."

మరునాడు పొద్దున్నే పద్మప్రియ వచ్చింది. లోపలికి రాలేదు. భుజానికి సంచితో బోరింగు పక్కన నిలబడింది. బాగా చిక్కిపోయింది. బడిలో పిల్లలకు ఆటలు నేర్పడం మానేసి, ఆఫీసు గదిలో పని అడిగి తీసుకుందని ఓబులమ్మ వినపడేట్టుగా ఎవరితోనో చెప్పింది. లక్ష్మన్న విన్నాడు. పటానికి పూలదండ వేసి, గడపలో అడ్డంగా కూర్చున్నాడు. ఎండ ఎక్కింది. వంట పూర్తయింది. ఆకు వేసేవాళ్ళు లేరు.

అప్పుడు వీధి మలుపులోనుంచి ఒక ఆమె వచ్చింది. తలమీద ముసుగు, చేతికి గాజులు లేవు. మున్నీ బీ, రబ్బానీ పెళ్ళాం. మొగుడు పోయాక వాళ్ళ ఆచారం ప్రకారం నాలుగు నెలల పది రోజుల గడువు ముగిసేదాకా ఇల్లు కదలకుండా ఉండి, ఆపైన నందికొట్కూరులో అన్న ఇంటికి పోయింది. ఇక్కడి ఇల్లు ఖాళీ చేసేందుకు నిన్ననే వచ్చింది. బస్టాండులో ఓబులమ్మ కనబడి, లక్ష్మన్న కూతురిని గడప తొక్కనివ్వని సంగతి చెప్పిందట.

లక్ష్మన్న ఆమెను గోడను చూసినట్టు చూశాడు.

"లోపలికి రానులే అన్నా," అనింది మున్నీ బీ. "ఈడ్నే నిలబడి చెప్పి పోతా. నువ్వు యాడికి జూసినా చెవులు ఈడ్నే ఉంటాయి గదా."

ఎవరికీ చెప్పనని నాగరత్నమ్మక్కకు మాట ఇచ్చానని, ఆ మాట ఇప్పుడు తప్పుతున్నానని ముందుగా చెప్పింది. తరువాత చెప్పిన సంగతి ఇది.

పోయిన వేసవిలో రబ్బానీ మంచం పట్టాడు. గని విడిచాక పాలిష్ ఫ్యాక్టరీలో పీల్చిన రాతిపొడి రొమ్ములో గడ్డకట్టి, దగ్గు మొదలైతే ఊపిరి ఆడేది కాదు. పక్కన మనిషి ఉండి లేపి కూర్చోబెట్టాలి. వాళ్ళ సందులో కొళాయి ఎండిపోయింది. నీళ్ళకు పోదామంటే మొగుణ్ణి విడిచి పోలేదు. ఒక తెల్లవారుజామున తలుపు తీస్తే వాకిట్లో నాగరత్నమ్మ, చంకలో నిండు బిందెతో నిలబడి ఉంది. తన ఇంటి బోరింగు కొట్టి నింపుకొచ్చింది.

మున్నీ బీ భయపడి, లక్ష్మన్నకు తెలిస్తే ఎట్లా అని అడిగింది. నాగరత్నమ్మ నవ్విందట. తాను నడకకు బయలుదేరానని, ఆడది ఉత్త చేతులతో రోడ్డున పోతుంటే యాడికి పోతాండావని ఊరంతా అడుగుతుందని, చంకలో బిందె ఉంటే ఎవరూ అడగరని చెప్పింది. వట్టి బిందెతో ఎదురుపడితే పొద్దున్నే బండి తీసే లారీ డ్రైవర్లు తిడతారు. అందుకని నింపుకుంది. నింపుకున్న నీళ్ళు ఎక్కడో ఒకచోట పోయాలి గదా అనింది.

"పాపకు నడక, నీకు నీళ్ళు. ఎవరిది వాళ్ళకు ముట్టుతాది లే అనింది అన్నా."

మొదట నడిచే రోజుల్లోనే వచ్చేది. ఎండలు ముదిరాక అన్ని రోజులూ వచ్చింది. రబ్బానీకి తడిగుడ్డలు వేయవలసి వచ్చినప్పుడు రెండోసారి కూడా తెచ్చేది. తిరిగి పోయేటప్పుడు బిందె వట్టిగా ఉండకూడదని అడుగున చెంబెడు నీళ్ళు ఉంచుకొని పోయేది. మున్నీ బీ ఎన్నిసార్లు వద్దన్నా వినలేదు. ఒకసారి, అన్నతో ఒక్కమాట చెప్పి రాకూడదా, దొంగతనమా ఇది, అని గట్టిగా అడిగిందట.

"అప్పుడేమనింది?" అంది ఓబులమ్మ.

మున్నీ బీ లక్ష్మన్న ముఖంలోకి చూసింది.

"మా ఆయనకు తెలిస్తే నన్నూ గోడను జూసినట్టు జూస్తాడు మున్నీ, అది నేను తట్టుకోలేను, అనింది."

మున్నీ బీ మిగతాది గబగబా చెప్పేసింది. ఆ శుక్రవారం పొద్దున కూడా నాగరత్నమ్మ రెండుసార్లు వచ్చింది. రెండోసారి బిందె దించి అరుగుమీద కూలబడింది. మనిషంతా చెమట. ఎడమచేయి పిసుక్కుంటూ ఉంది. పడుకో అక్కా, సాయంత్రం పోదువులే అంటే లేచి కొంగు దులుపుకుంది. ఈరోజు బరువుల దినమని, చేయకుంటే పాప ఫెయిలవుతుందని నవ్వుతూ చెప్పి పోయింది.

"నేను పట్టుకొని ఆపల్సింది. ఆపలేదు. మా ఆయన దగ్గుతాంటే లోపలికి పోయినా." మున్నీ బీ ముసుగు సర్దుకుంది. "పాపను ఏమనొద్దన్నా. ఆ పాప చెప్పింది చెప్పినట్టు చేసింటే అక్క ఈపొద్దు ఉంటాండె. ఇంగో మాట ఉండాది. ఆయన పొయ్యేముందర నీకు చెప్పమని—"

లక్ష్మన్న చెయ్యి ఎత్తాడు. ఆమె ఆగింది. వచ్చిన దారినే పోయింది. రబ్బానీ ఏం చెప్పమన్నాడో లక్ష్మన్న ఎన్నడూ అడగలేదు.

బోరింగు దగ్గర పద్మప్రియ నేలమీద కూర్చొని ఉంది. ఏడుపు ఆపుకుంటూ మేనత్తతో చెబుతోంది. ఫోన్ చేసినప్పుడల్లా అడిగేదాన్నని, చేతులు ఖాళీగానే ఉన్నాయి కదమ్మా అంటే, ఉండాయి పాపా, గాలిలో ఊపుకుంటా పోతాండా అని చెప్పేదని. గొంతు అలసటగా ఉన్నా ఎండ అనుకున్నానని. గురువారం కూడా ఫోన్ చేసి, శుక్రవారం బరువులు మానవద్దని తానే గట్టిగా చెప్పానని.

లక్ష్మన్న గడపలో కూర్చొనే ఉన్నాడు. ఏడాదిగా అతనికి ఒక ఆధారం ఉండేది. పొద్దున లేస్తే అదే, పడుకుంటే అదే. కూతురు చంపింది. దానిమీద కాలు పెట్టి నిలబడి వండుకున్నాడు, పనికి పోయాడు, బతికాడు. ఇప్పుడు ఆ బండ జారింది. దాని స్థానంలో ఎవరిని పెట్టాలా అని వెతికాడు. రబ్బానీ మట్టిలో ఉన్నాడు. మున్నీ బీ నీళ్ళు అడగలేదు, వద్దని కూడా చెప్పింది. నాగరత్నమ్మ పేరు దగ్గర ఆగి, ఆమె మీద కోపం తెచ్చుకోవాలని చూశాడు. తన కళ్ళ ముందు తిరుగుతూ, తన అన్నం వండుతూ, తనకు భయపడి ఒక బిందె నీళ్ళను దాచుకున్న మనిషి మీద కోపం ఎట్లా తెచ్చుకోవాలో తెలియలేదు. ఇంకొక పేరు మిగిలింది. ఆ పేరు ఎవరిదో అతనికి తెలుసు.

చాలాసేపటికి కాళ్ళు ముడుచుకొని గడప విడిచాడు.

"లోపలికి రా," అన్నాడు. "మీ యమ్మకు ఆకెయ్యి."

పద్మప్రియ కాళ్ళు కడుక్కొని వచ్చింది. తల్లి పటం ముందు ఆకు వేసి, ఓబులమ్మ అందిస్తుంటే అన్నీ వడ్డించింది. అలవాటుగా తండ్రికి కూడా ఆకు వేసింది. లక్ష్మన్న కూర్చున్నాడు. ఏడాది తరువాత ఎవరో పెట్టిన అన్నం. కలిపాడు, నోట్లో పెట్టుకున్నాడు.

ఆ పిల్ల ఎదురుగా కూర్చుంది. తినలేదు.

"నాయినా, ఒక్కమాట అడుగుతా. నా తప్పు లేదని నీ నోటితో ఒక్కసారి అను. అందరిముందర ఉందన్నావు. ఇప్పుడు ఎవరిముందర వద్దు, ఈడ్నే అను. లేకుంటే పోనీ, ఉందనన్నా అను. రెండూ తెలీకుండా నేను పిల్లోల్ల ముందర ఎట్ల నిలబడాల?"

"అనప్పా," అంది ఓబులమ్మ మెల్లగా.

లక్ష్మన్న నోరు తెరిచాడు. తప్పు లేదు అనాలంటే, మరి ఎవరిదో కూడా అనాలి. ఆ రెండో మాట లేకుండా మొదటిది బయటికి రావడం లేదు. ఆకులో అన్నం కలుపుతూనే ఉన్నాడు. అన్నం చల్లారిపోయింది. చెయ్యి కడుక్కోకుండానే లేచాడు.

"ఆ మాట ఇంగ ఎత్తొద్దు. నువ్వు ఎత్తొద్దు, మీ యత్త ఎత్తొద్దు. నేను ఎత్తను. నన్ను కాల్చేదాకా ఎత్తను."